విన్నెటూ కథ యొక్క పునర్నిర్మాణము - పాత్రభాషావిచారము

పూర్వకవి చెప్పిన కథను మఱియొకఁడు మఱల చెప్పుట దోషమా, గుణమా యను ప్రశ్న మన యాలంకారికులకుఁ గ్రొత్తది కాదు. ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకము నాలుగవ యుద్ద్యోతమున కవుల సంవాదమును ప్రతిబింబమువంటిది, చిత్తరువువంటిది, తుల్యదేహివంటిది యని మూఁడు తెఱఁగులుగా విభజించి, మొదటి రెండును త్యాజ్యములనియు మూఁడవది గ్రాహ్యమనియు నిర్ణయించెను. రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు వీనికిఁ దోడుగా పరపురప్రవేశసదృశమను నాలుగవదానిని జేర్చెను. మూలవస్తు వొక్కటియే యైనను దానిచుట్టు నల్లిన పరికరబంధము మిక్కిలి వేఱగుట దీని లక్షణము. ఈ విభాగము శ్లోకములను దృష్టియం దుంచుకొని చేసినదే. కాని యొకే కథ తెఱమీఁదను, టెలివిజనునందును తరతరమునకు మఱల నిర్మింపఁబడుచున్న యీ కాలమున దాని యుపయోగము తగ్గలేదు సరికదా హెచ్చినది.

జర్మనీదేశమున 2016 డిసెంబరు 25, 27, 29 తేదీలయందు ఆర్.టి.ఎల్. టెలివిజను సంస్థవారు మూఁడు భాగములుగాఁ బ్రసారము చేసిన ‘విన్నెటూ’ చిత్రము ఇట్టి పునర్నిర్మాణములలో నొకటి. దీనికి దర్శకుఁడు ఫిలిప్ ష్టోల్ట్సెల్. భాగముల పేర్లను తెలుఁగున ‘క్రొత్త ప్రపంచము’, ‘వెండిసరస్సు రహస్యము’, ‘కడపటి పోరాటము’ అని చెప్పవచ్చును. మొత్తమునకుఁ బెట్టిన యుపనామమునకు ‘పురాణకథ జీవించియున్నది’ యని యర్థము. ఆ కథ యెంతవఱకు జీవించియున్నదో, ఎవరి నాలుకమీఁద జీవించియున్నదో విచారింపఁదగియున్నది.

మూలకర్త కార్ల్ మై 1842లో సాక్సనీయందలి యెర్న్‌స్టాల్ గ్రామమున నిఱుపేద నేఁతకాని యింటఁ బుట్టెను. ఉపాధ్యాయవృత్తికిఁ జదివి, చిన్న పెద్ద మోసములు చేసి పలుమాఱులు చెఱసాలకుఁ బోయి, తుదకు రచనలో స్థిరపడెను. ‘విన్నెటూ’ నవల మూఁడు సంపుటములు 1893లో వెలువడినవి. నాలుగవది 1910లో వచ్చెను. అమెరికా పడమటిదేశపు మైదానములు, అపాచీ జాతివారు, ఱైలుమార్గము వేయు తెల్లవారు, బంగారమునకై హత్యలు చేయు దుండగులు - ఇదియంతయు వర్ణించిన యీ రచయిత 1908 వఱకు అమెరికాలో నడుగు పెట్టలేదు. పెట్టిన తరువాతను న్యూయార్కు, నయాగరా మొదలగు తూర్పుప్రాంతములే కాని తాను వర్ణించిన దేశమును జూడలేదు. అయినను కథానాయకుఁడగు ఓల్డ్ షాటర్‌హాండ్ తానే యని చెప్పుకొని, ఆ వేషమున ఫోటోలు తీయించుకొని, తన తుపాకులను జూపుచు వచ్చెను. ఆయన జీవితకాలముననే యీ డంబము బయటపడెను. 1912లో ఆయన మరణించెను గాని కథకు నష్టము కలుగలేదు. జర్మనుబాలకులు తరతరములుగా దానిని జదువుచు వచ్చిరి.

కథ సంగ్రహముగా నిట్టిది. జర్మనుయువకుఁ డొకఁడు సెయింట్ లూయీ నగరమున గృహోపాధ్యాయుఁడుగా నుండి, ఱైలుమార్గమునకై భూమి కొలుచువారితోఁ గూడి పడమటికిఁ బోవును. ఒక్క పిడికిటిపోటున మనుష్యుని నేలఁ గూల్చుటచే వానికి ‘షాటర్‌హాండ్’ అను పేరు వచ్చును. అపాచీ నాయకుఁడు ఇన్చూ-చూనా, ఆయన కొమారుఁడు విన్నెటూ, కొమార్తె న్షో-చీ. వారియొద్ద క్లేకీ-పెట్రా యను వృద్ధుఁడగు జర్మను గురు వుండును. ఆ గురువు విన్నెటూకుఁ దగులవలసిన గుండు తానందుకొని చనిపోవును. మొదట శత్రువులుగాఁ దలపడిన యిరువురు యువకులును తుదకు రక్తసోదరులగుదురు. న్షో-చీ యా జర్మనును వలచి, అతనికిఁ దగినదగుటకై తెల్లవారి విద్య నేర్వఁదలఁచి నగరమునకుఁ బయలుదేఱును. త్రోవలో సాంటర్ అను దుండగుఁడు బంగారమునకై యామెను, ఆమె తండ్రిని జంపును. మూఁడవ సంపుటమున విన్నెటూ, తాను క్రైస్తవుఁడనని మిత్రునకుఁ జెప్పి, ప్రాణము విడుచును.

ఈ నవలలో నొక ఘట్టము పాత్రభాషను విచారించువారికి ముఖ్యమైనది. మొదటి పోరాటమున విన్నెటూ కత్తి నాయకుని దవడక్రిందుగా దూసి నాలుకను గాయపఱచును. ఆతఁడు అపాచీలకుఁ జెఱవడి, తాను వారికి మేలు చేసినవాఁడనని చెప్పుకొనుటకు నోరాడక దినములతరబడి పడియుండును. నాలుక తెగిన మిత్రుఁడు శత్రువుగాఁ దోఁచుట యను నీ కల్పన మిక్కిలి సమర్థము. దానిని గల్పించిన రచయితయే తక్కిన కథయంతయు విన్నెటూ నోట స్వచ్ఛమైన పుస్తకజర్మనును బలికించెను. దానికిఁ గారణముగానే క్లేకీ-పెట్రా పాత్రను సృజించెను. గురువు జర్మను, కాఁబట్టి శిష్యునకు జర్మనుసంస్కారము, జర్మనువాక్యము అబ్బినవి. విన్నెటూ తన్నుగూర్చి చెప్పుకొనునపుడు ఉత్తమపురుషను తఱచుగా వాడఁడు. తన పేరు చెప్పి ప్రథమపురుషలో మాటలాడును. ‘నేను పోవుదును’ అనుటకు బదులు ‘విన్నెటూ పోవును’ అనుట యాతని వాడుక. ఇది కూపరు మొదలగు పూర్వనవలాకారులు వాడుకలోనికిఁ దెచ్చిన రీతియే. వ్యాకరణదృష్టితోఁ జూచిన నిది చిన్న విషయము కాదు. మూఁడు సంపుటముల కథలోఁ దన పేర నవల గలవానికి ‘నేను’ అను మాట యరుదుగానే దక్కినది. ఆ మాట ముఖ్యముగాఁ గథ చెప్పు తెల్లవానిది.

1962లో హరాల్డ్ రైన్ల్ దర్శకత్వమున ‘వెండిసరస్సులోని నిధి’ యను ఫిల్ము వచ్చెను. 1963, 1964, 1965 సంవత్సరములలో విన్నెటూ పేరనే మూఁడు ఫిల్ములు వెలువడెను. విన్నెటూగా ఫ్రెంచివాఁడగు పియేర్ బ్రీస్, షాటర్‌హాండుగా అమెరికావాఁడగు లెక్స్ బార్కర్ నటించిరి. అపాచీల పర్వతములు యుగోస్లావియాలోని క్రోయేషియా కొండలు. మార్టిన్ బెట్చర్ కూర్చిన నాదము ఆ కాలపు జర్మనుల చెవులనుండి నేఁటికిని బోలేదు. బ్రీస్ నోటి జర్మనుమాటలను చాలవఱకు వేఱొక జర్మనునటుఁడు పలికెను. అనఁగా అపాచీవాని వేషమున ఫ్రెంచివాఁడు, ఆ ఫ్రెంచివాని పెదవులపై జర్మనుగొంతు. ఈ కూర్పును వింతయని నవ్వుట తేలిక. కాని భరతుని పరిభాషలో నిది సంపూర్ణమైన నాట్యధర్మి. రంగస్థలమున రెండడుగులు వేసిన దేశాంతరమునకుఁ బోయినట్లగుట కక్ష్యావిభాగమున నెట్లు సమ్మతమో, క్రోయేషియాకొండ అమెరికా యగుట ఆ ప్రేక్షకున కట్లే సమ్మతము. ఎవరును ఎవరిని మోసగింపలేదు. ఫిల్ము తాను కల యని దాఁచుకొనలేదు.

ఆ తరువాతి చరిత్ర కొంత వినోదకరము. 2001లో మిఖాయెల్ హెర్బిగ్ ‘మనీటూ చెప్పు’ అను పేర నీ ఫిల్ములను వెక్కిరించుచు నొక ప్రహసనము తీసెను. జర్మనీ యంతయు దానిని జూచి నవ్వెను. హాస్యకరుణములు పరస్పరవిరోధులని యాలంకారికులు చెప్పినది పుస్తకమునకే పరిమితము కాదని యిట తెలియును. ఒకసారి యంతగా నవ్విన ప్రేక్షకునిచేత విన్నెటూ మరణమునకుఁ గన్నీరు పెట్టించుట సులభము కాదు. 2016నాటి నిర్మాతలు నవ్వునుండి తప్పించుకొనుటకు వాస్తవికతను శరణు చొచ్చిరని తోఁచుచున్నది. దుమ్ము, బురద, చెమట, చిరిగిన బట్టలు, గుడారములలోని కట్టెపొగ - వీనిచేత నాటి మెఱుఁగును దుడిచివేసిరి. ఈ మార్గమే దాని గుణములకును, దాని యొక పెద్ద దోషమునకును మూలము.

కథలోని మార్పులలో మొదటిది న్షో-చీని బ్రతికించుట. మూలమును గౌరవించువారికిది యపరాధముగాఁ దోఁపవచ్చును. కాని నాయకునకుఁ గాని రసమునకుఁ గాని యనుచితమైన యితివృత్తాంశమును విడువవలయును, లేదా వేఱుగాఁ గల్పింపవలయునని దశరూపకకర్త యనుజ్ఞ యిచ్చియే యున్నాఁడు. మాయురాజు ఉదాత్తరాఘవమున వాలిని జాటుగాఁ జంపుటను వదలివేసినది యిందులకు లక్ష్యము. నవలలో న్షో-చీ తెల్లవారి విద్యకై పోవుచుఁ జచ్చును. ఆమె ప్రేమకు యోగ్యత పరజాతివిద్యవలన రావలయునని రచయిత తలంచెను. వచ్చుటకు ముందే యామెను దొలఁగించి తన నాయకుని వివాహమునుండి తప్పించెను. టెలివిజను చిత్రమున నామె వైద్యము, మంత్రము ఎఱిఁగిన స్త్రీ. గాయపడిన జర్మనును బ్రతికించునది యామెయే. అపాచీల బ్రతుకు నతనికిఁ దెలుపునది యామెయే. గురుశిష్యభావము తలక్రిందైనది. మెక్సికోదేశపు నటి యాజువా లారియోస్ ఈ పాత్రను మితమైన యంగికముతో, చూపుచేతనే యెక్కువగా నిర్వహించెను. మూఁడు భాగములలోను తక్కిన యేపాత్రకంటెను ఈమె పాత్రయే నిలుచునని చెప్పినఁ దప్పు కాదు. ఈ యంశమున చిత్రము తుల్యదేహిని దాఁటి పరపురప్రవేశమున కెక్కినది.

రెండవ మార్పు నాయకుని పేరు. వోటాన్ విల్కె మోరింగ్ నటించిన యీ నాయకుఁడు సాక్సనీనుండి వలసవచ్చిన యింజనీరు. అతని పేరు కార్ల్ మై! రచయిత బ్రతికియున్నపుడు చెప్పిన బొంకును చిత్రము నిజముగాఁ జేసెను. వాల్మీకి రామాయణమునఁ బాత్రమగుట, వ్యాసుఁడు భారతమునఁ బాత్రమగుట మన మెఱిఁగినదే గనుక కవియే కథలోనికి వచ్చుట దోషము కాదు. కాని వాస్తవికతను బ్రతిజ్ఞచేసిన చిత్రమున, ఎన్నఁడును పోని చోటికిఁ బోయినట్లు నటించిన మనుష్యుని పేరునే సాక్షిగాఁ బెట్టుట కొంత తమాషాగా నున్నది. ఇంజనీరుతనము మాత్రము పనికివచ్చినది. తాను వేయు ఱైలుకమ్మి యెవరి యూరిని జీల్చునో తెలియని కొలతగానిగా నాతఁడు మొదలిడును. రెండవ భాగము నిధికై పరుగులెత్తు సామాన్యసాహసకథ. దానిని గూర్చి చెప్పవలసినది తక్కువ. మూఁడవ భాగమున బంగారమునకు బదులు భూమిలోని నూనె వచ్చినది. ఈ మార్పు తెలివైనదే.

ఇఁక ముఖ్యవిషయము. ఈ చిత్రమున అపాచీలు తమలోఁ దాము మాటలాడుకొనునపుడు జర్మను పలుకరు. తమదైన యొక భాష పలుకుదురు. దాని యర్థము తెఱ యడుగున జర్మనులో వ్రాయఁబడును. నూటయిరువదేండ్లకుఁ బైగా జర్మనుమాటలాడిన విన్నెటూకు ఇట్లు స్వభాష దక్కినదని సంతోషింపవలసినదే. కాని యా భాష అపాచీ కాదు. అది లకోటా. అల్బేనియానటుఁడు నిక్ జెలిలాయ్ విన్నెటూగా నటించుటకై నేర్చినదియు లకోటాయే.

ఈ రెండింటికిని గల దూరమును దెలిసికొనవలయును. నవలలోని విన్నెటూ మెస్కలెరో అపాచీ. ఆ జాతివారు నేఁటికిని న్యూమెక్సికో దక్షిణభాగమున నున్నారు. వారి భాష అథపాస్కన్ కుటుంబమునకుఁ జెందినది. నవహో దానికి దగ్గఱి చుట్టము. దూరపు చుట్టములు కెనడాలోను అలాస్కాలోను గలవు. లకోటా యుత్తరమైదానములలోని సూ కుటుంబపు భాష. అపాచీలో స్వరభేదమున నర్థభేదము కలుగును. ధాతువునకు ముందు ఉపసర్గలవంటి ప్రత్యయములు వరుసగాఁ జేరి క్రియ యొక్కటే వాక్యమంత యగును. ఒక వస్తువును బట్టుకొనుట, ఇచ్చుట అను నర్థములందు వస్తువు గుండ్రనిదా, పొడుగైన కఱ్ఱవంటిదా, మెత్తని త్రాటివంటిదా యనుదానినిబట్టి ధాతువే మాఱును. పాణిని చూచియుండినచో నొక ప్రత్యేకగణమును గల్పించియుండును! లకోటాలో నిట్టి ధాతుభేదవ్యవస్థ లేదు; అందలి సొంపు వేఱు. పురుషుఁ డాజ్ఞాపించునపుడు వాక్యాంతమున నొక ప్రత్యయము, స్త్రీ యాజ్ఞాపించునపుడు మఱియొకటి చేరును. వక్త యాఁడుదో మగవాఁడో క్రియయే తెలుపును. ఈ రెండుభాషలకును చుట్టఱికము లేదు. ఆంధ్రనాయకుఁడని చెప్పి యొకనిచేత కాశ్మీరభాష పలికించినచో నెట్లుండునో యిది యట్లున్నది. ఆంధ్రకాశ్మీరములకు సంస్కృతపదములైన నుమ్మడిగా నున్నవి; వీనికి నదియు లేదు.

ఇచటఁ బూర్వపక్ష మొకటి రావచ్చును. జర్మనుప్రేక్షకునకు రెండును దెలియవు. తెలియని వానికి భేద మెక్కడిది? రసమునకు భంగ మెట్లు? మఱియు మన నాటకములలో ప్రాకృతములు నిజముగా నాయా దేశములవారు మాటలాడినవేనా? - అని. ఈ యాక్షేపము బలమైనదే; భరతుని యెదుటనే దీనిని బరిశీలింపవలయును. నాట్యశాస్త్రమున భాషావిధానాధ్యాయమునందు, బర్బరులు, కిరాతులు, ఆంధ్రులు, ద్రమిళులు మొదలగు జాతులకు నాట్యప్రయోగమున వారి వారి భాషలను గూర్పరాదనియు, శౌరసేనిని గూర్పవలయుననియుఁ జెప్పఁబడినది. ఈ పట్టికలో ఆంధ్రుల పేరుండుటను పండితులు చదివియే యుందురు. దానిమీఁద నొక్క నిముసము నిలిచినవారు తక్కువ. ఆ రంగస్థలమున ఆంధ్రుఁడు నేఁటి జర్మనుతెఱమీఁది అపాచీవంటివాఁడు. ఆతఁడు కనఁబడవచ్చును గాని ఆతని భాష వినఁబడరాదు. ఉజ్జయినిలోని ప్రేక్షకునకు ఆంధ్రభాష తెలియదు; కాఁబట్టి యంద ఱెఱిఁగిన శౌరసేని. నియమమునకు హేతువు స్పష్టము.

కాని భరతుని శౌరసేనికిని ష్టోల్ట్సెల్ లకోటాకును గల భేద మిందే బయలుపడును. శౌరసేని ప్రేక్షకునకుఁ దెలిసిన భాష. అది యీ పాత్రకు సొంతభాష కాదని యాతఁ డెఱుఁగును. అది బాహాటమైన సంకేతము, అనఁగా నాట్యధర్మి. లకోటా ప్రేక్షకునకుఁ దెలియదు. అర్థమును అడుగున వ్రాసి యిచ్చుటయే ‘ఇది వీరి నిజమైన భాష’ యని చెప్పుట. అది లోకధర్మి వేషము వేసికొన్నది. బ్రీస్ నోట జర్మను విన్నవాఁడు మోసపోలేదు. జెలిలాయ్ నోట లకోటా విన్నవాఁడు అపాచీభాష వింటినని యింటికిఁ బోయెను. నాట్యధర్మి యైనచో పూర్తిగా నుండవలయును; లోకధర్మి యైనచో భాషవఱకును రావలయును. బురదను నిజమైన బురదగాఁ జూపి, నాలుకను మాత్రము పరుల నాలుకగాఁ జూపుట క్షేమేంద్రుని యౌచిత్యమునకు దూరము. 1990లోని ‘డాన్సెస్ విత్ వుల్వ్స్’ అను అమెరికాఫిల్మున లకోటా వినఁబడుట న్యాయమే, ఆ కథ లకోటాలదే గనుక. ఆ ఫిల్ము మ్రోఁగించిన ధ్వని జనుల చెవులలో నిలిచి, ఎఱ్ఱజాతివారి భాష యనఁగా నిట్లుండునను భ్రమను గల్పించి, ఈ చిత్రమునకు దారి చూపినట్లున్నది.

ప్రేక్షకుఁడు జర్మను మాత్రమే యనుకొనుటయు సరి కాదు. మెస్కలెరోలు పురాణములలోని యక్షకిన్నరులు కారు. తమ జాతిపేరు పెట్టుకొన్న వీరుఁడు వేఱుభాష పలుకుచుండఁగా విను అపాచీ యొకఁడు సహృదయుఁడు కాఁగూడదా? వానికి రసభంగము కాదా? ఆంధ్రదేశమున నీ ప్రశ్న యిదివఱకే మఱియొక రూపమున వచ్చినది. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లోఁ బ్రకటించిన ప్రతాపరుద్రీయమున చాకలి పేరిగానిచేత చాకలిభాషనే పలికించి పాత్రోచితభాషకై వాదించిరి. గ్రాంథికమును రక్షింపఁగోరిన పండితుఁడే యీ పని చేయుట గమనింపఁదగినది. వారు పేరిగానికి వేఱొక కులమువాని మాటను దెచ్చి పెట్టి యిది చాకలిమాట యనియుండినచో వాదము నిలిచెడిది కాదు.

కార్ల్ మై యీ విషయమున నెట్లు ప్రవర్తించెను? సాక్సనీలో గదిలోఁ గూర్చుండి వ్రాసిన యాతఁడు, గాట్షెట్ అను స్విట్జర్లండు భాషావేత్త 1876లోఁ బ్రకటించిన నైరృతియమెరికా భాషల పదపట్టికను దెప్పించుకొని, అందుండి అపాచీపదము లేఱి పేర్లను గూర్చెను. న్షో-చీ యనఁగా మంచి దినమనియు, ఇన్చూ-చూనా యనఁగా మంచి సూర్యుఁడనియు నర్థము చెప్పెను. పదములను జోడించుటలోఁ దప్పులుండవచ్చును. డంబములాడిన యీ మనుష్యుఁడు పేరొకటి పెట్టవలసివచ్చినపుడు ఆ జాతి మాటకై వెదకెను. విమానములు, దూరవాణులు, భాషాశాస్త్రవిభాగములు గల కాలమున వెదకువారికి అపాచీవక్త దొరకఁడా?

ఇంతమాత్రమున చిత్రమును ద్రోసివేయరాదు. తెఱపై నెఱ్ఱజాతివాఁడు దీర్ఘముగాఁ దనలోఁ దాను మాటలాడుట, ఆ మాటలో వాదప్రతివాదములు, పరిహాసము, కోపము ఉండుట జర్మనుకుటుంబములు క్రిస్మసునాఁడు కూర్చుండి చూచినవి. నవలలో ‘ఉఫ్’, ‘హౌ’ అను రెండుమూఁడు ధ్వనులతో ముగిసిన స్వభాష యిందు వాక్యముగా వికసించినది. ఆ వాక్యము పరునిదైనను వాక్యమే. మోరింగ్ పాత్ర తనకుఁ దెలియని భాష నడుమ తెల్లఁబోయి నిలుచుండు దృశ్యములు, నవలలోని తెగిన నాలుక ఘట్టమునకు న్యాయమైన వారసులు. జెలిలాయ్ విన్నెటూ, బ్రీస్ విన్నెటూవలె విగ్రహము కాఁడు, కోపించును, సందేహించును. 2022లో బాలవిన్నెటూను గూర్చిన యొక ఫిల్మునకు అనుబంధముగాఁ బ్రకటించిన పుస్తకములను జర్మనుప్రచురణకర్త లుపసంహరించుకొనఁగా, ఈ కథలు పరజాతిని జిత్రించు తీరును గూర్చి పెద్ద వివాదము రేగెను. ఆ వివాదమును మనసులో నుంచుకొని 2016 చిత్రమును మఱల చూచిన, అది తన శక్తికొలఁది యొక యడుగు ముందుకు వేసినదని యొప్పుకొనవలసివచ్చును.

నటులను గూర్చి రెండుమాటలు మిగిలినవి. తూర్పుజర్మనీ ఫిల్ములలో 1966 మొదలు ఎఱ్ఱజాతివీరుఁడుగా నటించి పేరు గన్న సెర్బియానటుఁడు గోయ్కో మితిచ్ ఇందు ఇన్చూ-చూనా. పడమటి జర్మనుల బ్రీసును, తూర్పుజర్మనుల మితిచ్‌ను ఎఱిఁగిన ప్రేక్షకునకు ఆతఁడు తండ్రిగా నిలుచుట యొక వ్యంగ్యార్థము. మఱియొకఁడు మారియో ఆడోర్ఫ్. 1963 ఫిల్మున సాంటర్ వేషమున న్షో-చీని గాల్చి చంపినది యీతఁడే. ఆ హత్యను జనులు తనకు క్షమింపలేదని యీతఁడు ముసలితనమునఁ గూడఁ జెప్పుకొనుచుండెను. ఏఁబదిమూఁడేండ్ల తరువాత ఈ చిత్రమున నాతఁడే సాంటర్ తండ్రి. ఈసారి న్షో-చీ బ్రతికినది.